నిద్రపట్టే సినిమాలు

కట్టుడు పళ్ళ ల్యాబులో ఆమెను అందరూ పింగాణి అనేవారు. అక్కడ మనుషుల పేర్ల కంటే పనుల పేర్లే ఎక్కువ వాడుకలో ఉండేవి. మైనంతో అచ్చులు తీసేవాడు మైనం. లోహం పోతపోసేవాడు ఇనుము. పంటి తొడుగుకి పింగాణీ పొడి పూసి, కొలిమిలో కాల్చి, పక్క పళ్ళ రంగులో కలిసిపోయేలా తీర్చిదిద్దే ఆమె పింగాణి. రోజంతా ఒక దీపం కింద భూతద్దం కళ్ళజోడు పెట్టుకుని, గోరంత పంటి మీద సన్నటి కుంచెతో పొర మీద పొర పూస్తూ కూర్చునేది. చెయ్యి వణికితే పొర చెడుతుంది. కన్ను మూతపడితే రంగు తప్పుతుంది. ఈ మధ్య రెండూ జరుగుతున్నాయి.

కారణం ఇంట్లో ఉంది. అత్తగారికి మతిమరుపు జబ్బు ముదిరింది. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ పెద్ద బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేది. ఎంత గోలలోనైనా, మూలబెంచీ మీద గుర్రుపెట్టి పడుకున్నవాడు కూడా ఉలిక్కిపడి లేచి మూట సర్దుకునేవాడట ఆ గొంతుకి. ఇప్పుడూ గొంతు అలాగే ఉంది. మిగిలినవే ఒక్కొక్కటిగా జారిపోతున్నాయి. కొడుకుని అప్పుడప్పుడు గుర్తుపట్టేది. కోడల్ని మాత్రం ఎప్పుడో చిన్నతనంలో పోయిన తన అక్క అనుకుని, "అక్కా, అక్కా" అంటూ వెనకాలే తిరిగేది. ఒకచోట కూర్చోదు. తలుపు గడియ తీస్తుంది, కుళాయి తిప్పి వదిలేస్తుంది, బీరువాలో బట్టలన్నీ మంచం మీద కుమ్మరించి "సామాను సర్దావా?" అని అడుగుతుంది. తెల్లవారకముందే లేచి, బస్సు వెళ్ళిపోయిందని చిన్నపిల్లలా ఏడుస్తుంది. ఆ ఏడుపుకి లేచిన పింగాణికి మళ్ళీ నిద్రపట్టేది కాదు.

టీవీ పెడితే ఇంకా చిక్కు.

"వీళ్ళెవరక్కా? ఎందుకలా అరుచుకుంటున్నారు?"

"సీరియల్ అత్తయ్యా. ఆ అమ్మాయి అతని చెల్లెలు."

"ఎవరి చెల్లెలు?"

అది చెప్పేలోగా తెర మీద ఇంకో మనిషి, ఇంకో గొడవ. ఇందాకటి మనిషి ఏమైపోయాడో ఆవిడకి అంతుపట్టదు. భయంతో రిమోటు గోడకేసి కొడుతుంది.

పింగాణి భర్త కరెంటు సబ్‌స్టేషన్‌లో షిఫ్టుల మీద పనిచేసేవాడు. మంచివాడే. అమ్మంటే ప్రాణం. కానీ ఆ ప్రాణాన్ని కనిపెట్టుకుని కూర్చోవడం మాత్రం పెళ్ళాం పనే అన్నట్టుండేవాడు. ఆడపడుచు వేరే ఊళ్ళో ఉండి ఫోనులో సలహాలు పంపేది.

"వదినా, అమ్మచేత రోజూ చిన్న చిన్న లెక్కలు చేయించు. మెదడుకి మంచిదట."

"అలాగేనమ్మా. నువ్వొచ్చి ఒక్క వారం చేయించి చూపించు, నేర్చుకుంటాను."

అక్కడితో ఫోనుకి సిగ్నల్ పోయేది.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం వెనక వీధి ఆయమ్మ వచ్చి పెద్దావిడ దగ్గర కూర్చునేది. ఆ పూట పింగాణి ఏం చేసుకోవాలో మొదట్లో తెలియలేదు. ఇంట్లో పడుకుంటే పక్కగదిలోంచి "అక్కేదీ?" అన్న కేక. బయటికి వెళ్తే ఎండ. ఒక ఆదివారం ఒక పళ్ళ డాక్టరు తొడుగు అర్జెంటుగా కావాలంటే ఇచ్చి కిందికి దిగుతుంటే, ఆ భవనం అడుగున నేలమాళిగలోకి మెట్లు, తెరిచిన తలుపు, అందులోంచి చల్లటి గాలి. తలుపు మీద అట్ట అతికించి ఉంది: ఫిల్మ్ సొసైటీ, నిదానంగా నడిచే సైన్స్ సినిమాల వరస, అందరికీ ఆహ్వానం. కాసేపు చల్లగా కూర్చుందామని వెళ్ళింది.

తెర మీద అంతరిక్ష నౌక కిటికీ. అద్దం మీద మంచు పేరుకుంటోంది. పేరుకుంటూనే ఉంది. ఎవరూ మాట్లాడటం లేదు. ఎక్కడో పెద్ద మోటారు తిరుగుతున్నట్టు సన్నటి హోరు. ఒక మంచుపువ్వు రేకు విప్పడం పింగాణి చూసింది. రెండోది చూడలేదు. లైట్లు వెలిగేసరికి మెడ పట్టేసింది, చెంప మీద కుర్చీ గీతలు పడ్డాయి. లేచి నిలబడితే ఒళ్ళు దూదిపింజలా ఉంది. ఆ రోజు ల్యాబులో పని ఉంటే ఎన్ని పళ్ళయినా చేసేసేదాన్ని అనుకుంది.

ఆ తరవాత ఏ ఆదివారమూ తప్పలేదు. వెనక వరసలో గోడవైపు కుర్చీ చూసుకుని కూర్చునేది. ఇసుక మీద నీడ జరుగుతుంటే నిద్రపోయింది. ఆకుపచ్చ పొగమంచులో ఒక మనిషి కాలువ దాటుతుంటే నిద్రపోయింది. గ్రహం మీద గ్రహం ఉదయిస్తుంటే నిద్రపోయింది. మామూలు సినిమా హాల్లో అయితే పాటలు, ఫైట్లు, ఈలలు. ఈ సినిమాలు తీసినవాళ్ళెవరో ఆమెను ఎరిగిన వాళ్ళలా, దుప్పటి కప్పి దీపం తగ్గించినట్టు తీశారు.

సొసైటీ నడిపేది ఒక మాస్టారు. కాలేజీలో రాళ్ళూ భూమిపొరల పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సినిమా అయ్యాక చప్పట్లు, చర్చ ఉండేవి. పింగాణి సరిగ్గా ఆ చప్పట్లకి లేచి, ఎర్రటి కళ్ళతో కూర్చునేది. ఒక రోజు మాస్టారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"ఏడ్చారా అమ్మా?"

ఆమె తలూపింది.

"నాకు తెలుసు. ఎన్ని వారాలుగానో గమనిస్తున్నాను. సినిమా జరుగుతున్నంతసేపూ చిన్న కదలిక లేదు మీలో. మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటారు, మధ్యలో టీకి వెళ్తారు. మీలా లీనమయ్యేవాళ్ళు చాలా అరుదు."

"అబ్బే, అంతేం లేదండీ."

"వచ్చే ఆదివారం ఈ వరసలో ఆఖరి సినిమా. అయ్యాక మామూలు ప్రేక్షకుల తరఫున మీరు నాలుగు మాటలు చెప్పాలి. కాదనకండి."

కాదనడానికి కూడా కొంత ఓపిక కావాలి. అది లేక సరేనంది. ఇంట్లో ఈ సంగతి చెబితే భర్త పొంగిపోయాడు. "మా ఆవిడ మామూలు సినిమాలు చూడదు. లోతైనవే" అని సబ్‌స్టేషన్‌లో అప్పటికే చాటించి పెట్టాడు.

ఆ ఆదివారం ఆయమ్మ రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. భర్త డ్యూటీలో ఉన్నాడు. పింగాణి గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆలోచించింది. మాట ఇచ్చానన్న బాధ కొంతే. ఆ కుర్చీ, ఆ చల్లదనం, వారమంతా దాని కోసమే కదా ఈడ్చుకొచ్చింది. ఈ పూట కూడా పోతే మళ్ళీ వారందాకా ఎలా నడుస్తుంది?

"అత్తయ్యా, బయటికెళ్దాం పదండి."

"బస్సొచ్చిందా?"

"వచ్చింది."

నిజంగానే సిటీ బస్సెక్కారు. పెద్దావిడ కిటికీ పక్కన కూర్చుని, కండక్టరు ప్రతి స్టాపు పేరూ మింగేస్తున్నాడని తప్పుపట్టింది. "నోరు తెరిచి చెప్పాలి నాయనా. అక్షరం అక్షరం వినపడాలి." కండక్టరు కుర్రాడు నవ్వి ఆ తరవాత కాస్త గట్టిగానే చెప్పాడు.

హాల్లో పది నిమిషాలకే లేచి రావాల్సి ఉంటుందని పింగాణి ముందే అనుకుంది. అందుకే తలుపు పక్కన కుర్చీలు చూసింది. దీపాలు ఆరాయి. అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తెర మీద ఎర్రటి గ్రహం. కొండను తొలిచి కట్టిన పెద్ద నక్షత్రశాల, దాని ముందు లెక్కలేనన్ని మెట్లు. మెట్ల నిండా ఎర్రటి దుమ్ము. ఒక ముసలామె చీపురు పట్టుకుని పైమెట్టు నుంచి ఊడ్చుకుంటూ వస్తోంది. కెమెరా కదలదు. ఒక మెట్టు అయ్యాక ఇంకో మెట్టు.

పింగాణి పక్కకి చూసింది. అత్తగారు కుర్చీలో వెనక్కి ఆనుకుని ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి పీకుతూ, సర్దుతూ ఉండే చేతులు ఒళ్ళో ఊరికే ఉన్నాయి.

"ఊడుస్తోంది," అంది ఆవిడ.

అది ఆవిడ మెల్లగా అన్న మాటే. కానీ ఆ గొంతు ముందు వరస దాకా వెళ్ళింది. ఎవరో "ష్" అన్నారు.

"బాగా ఊడుస్తోంది. మూలలు కూడా వదల్లేదు."

"అత్తయ్యా, మెల్లగా."

ఆవిడ తలూపింది. మళ్ళీ మాట్లాడలేదు. మెట్లు సగం అయ్యాయి. పింగాణి చూస్తూనే ఉంది, ఇంకాసేపట్లో లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని. లేవలేదు. ఈ సినిమాలో ఎవరి చెల్లెలు ఎవరో తెలుసుకోనక్కర్లేదు. ఇందాక ఏం జరిగిందో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇందాకా ఊడ్చింది, ఇప్పుడూ ఊడుస్తోంది. మధ్యలో ఎప్పుడు చూసినా కథ అక్కడే ఉంది. హాల్లో అందరికీ ఎంత అర్థమవుతోందో ఆవిడకీ అంతే అర్థమవుతోంది.

ఇది గ్రహించగానే పింగాణికి సంతోషం కలగాలి. కలగలేదు. కళ్ళు మండుతున్నాయి. నిద్ర కనురెప్పల మీద బరువుగా కూర్చుని ఉంది. చెయ్యి వదిలి పడుకుంటే ఈవిడ లేచి ఎటు పోతుందో. ప్రపంచం మొత్తంలో తనకంటూ మిగిలిన కుర్చీ ఇదొక్కటే, ఇప్పుడు దీంట్లోనూ కాపలాయే. ఇంత పెద్ద హాల్లో, ఇంత మంచి చీకట్లో, తను ఒక్కతే మెలకువగా ఉండాలి. అత్తగారి మీద కోపం వచ్చింది. ఆ కోపం మీద సిగ్గేసింది. కాసేపటికి రెండూ అలిసిపోయి ఊరుకున్నాయి.

చేసేదేమీ లేక సినిమా చూసింది. ఇన్నాళ్ళలో అదే మొదటిసారి.

సాయంత్రం వెలుగు మెట్ల మీదికి దిగుతోంది. ఎరుపు పల్చబడి, ఒక్కో మెట్టు అంచున సన్నటి నీలం తేలింది. ఆ నీలం ఆమెకు తెలుసు. ముందుపంటి కొసన, వెలుతురు దూరిపోయే చోట ఉంటుంది. దాన్ని తేవడానికి ఆమె రోజూ తంటాలు పడుతుంది, కాస్త ఎక్కువైతే బూడిదరంగు, తక్కువైతే సుద్దముక్క. ఎవరో అదే నీలాన్ని ఒక కొండంత మెట్ల వరస మీద, తొందరపడకుండా పూశారు. పింగాణి ముందుకి వంగి చూసింది. అంతలో గాలి లేచింది. ఊడ్చిన దుమ్మంతా మెల్లగా మళ్ళీ మెట్ల మీద పరుచుకుంది. ముసలామె చీపురు గోడకి ఆనించి, కూర్చుని దాన్ని చూస్తోంది. ఆమె ముఖంలో బాధ లేదు, విసుగు లేదు. ఒట్టి అలసట. అది నటన అంటే పింగాణి నమ్మలేకపోయింది.

చాలాసేపటికి ఆకాశంలో ఒక చుక్క కనపడింది. చుక్క పెద్దదైంది. నౌక. అది కిందికి దిగడానికి ఎంత సమయం పట్టిందంటే, హాల్లో ముందు వరసలో గురక మొదలైంది. నౌక నేల తాకింది. దుమ్ము లేచింది. తలుపు తెరుచుకుంది. నిశ్శబ్దం.

అప్పుడు అత్తగారు లేచి నిలబడింది. మెడ నిటారుగా పెట్టి, చెయ్యి చెవి దగ్గరికి తీసుకెళ్ళి, ఎన్నో ఏళ్ళు ఊరంతా విన్న గొంతుతో పలికింది.

"ప్రయాణికులకు మనవి! ఇప్పుడే వచ్చిన బస్సు కొద్దిసేపట్లో బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. దయచేసి తోసుకొనకుండా వరుసలో ఎక్కవలెను. మీ సామానుకు మీరే బాధ్యులు!"

హాలు హాలంతా అదిరిపడింది. ముందు వరసలో గురకపెడుతున్నాయన దిగ్గున లేచి "ఏ ప్లాట్‌ఫారం?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎవరిదో కుర్చీ కిందపడింది. సగం మంది కళ్ళు నులుముకుంటున్నారు. ఇంతమంది తనలాగే ఇక్కడికి పడుకోవడానికి వస్తున్నారా అని పింగాణికి ఆ గాభరాలోనూ అనిపించింది.

"ఇది సినిమా హాలా, బస్టాండా?" మధ్య వరసలోంచి ఒకతను లేచాడు. "మాస్టారూ, ఏమిటిది? ఆ సన్నివేశం కోసం వచ్చాం మేము!"

"క్షమించండి, వెళ్ళిపోతున్నాం," అంటూ పింగాణి అత్తగారి భుజం పట్టుకుంది. "పదండి అత్తయ్యా."

ఆవిడ కదల్లేదు. తెర వైపే చూస్తోంది. "ఎవరూ దిగలేదే," అంది. ఈసారి ఆ గొంతులో మైకు లేదు. "ఆవిడ కోసం ఎవరూ రాలేదక్కా. కూర్చో. ఒక్కతే ఉంది, చూసి వెళ్దాం."

కూర్చుంది. పింగాణికీ కూర్చోక తప్పలేదు. నౌక వెళ్ళిపోయింది. సినిమా అయ్యేదాకా అత్తగారు ఇంకో మాట మాట్లాడలేదు.

లైట్లు వెలిగాక మాస్టారు కాస్త తడబడుతూనే పింగాణిని ముందుకి పిలిచారు. ఆమె ఒక చేత్తో అత్తగారి చెయ్యి పట్టుకునే నిలబడింది.

"నాకు చెప్పడం రాదండీ. నిజం చెప్పాలంటే, ఇన్ని వారాలొచ్చినా సినిమా అన్నది నేను ఇవాళే మొదటిసారి చూశాను."

హాలంతా చప్పట్లు. "ఎంత మాటన్నారమ్మా!" అన్నారు మాస్టారు, కళ్ళు చెమర్చి. "చూడటానికీ చూడటానికీ ఉన్న తేడా ఇంతకంటే ఎవరు చెప్పగలరు?" పింగాణి అందులో తేడా ఏమీ లేదని, నిద్రపోయానని చెప్పబోయింది. చెప్పడానికి ఓపిక చాల్లేదు. దణ్ణం పెట్టి బయటపడింది.

ఆ వారం మధ్యలో మాస్టారు ల్యాబుకి వచ్చారు. పొడి, మైనం వాసన, గిర్రుమనే యంత్రాల మధ్య నిలబడి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, కమిటీలో కొంతమంది... అంటే, మీరు తప్పకుండా రావాలి. పెద్దావిడని మాత్రం తీసుకురావద్దని. నేను చెప్పి చూశాను. వినలేదు."

"సరేనండీ."

"మీరన్న మాట మా సొసైటీ పత్రికలో మొదటి పేజీలో వేస్తున్నాం."

"అయ్యో, ఎందుకండీ అవన్నీ." కుంచె కింద పెట్టి ఆమె ఆలోచించింది. "మాస్టారూ, ఆ మెట్లు ఊడ్చే సినిమా ఇంట్లో చూసుకోవడానికి ఇస్తారా? మా అత్తగారి కోసం."

ఆయన ముఖం వెలిగిపోయింది. మర్నాడే డిస్కు తెచ్చిచ్చారు. అలాంటివే ఇంకో నాలుగు కూడా ఇవ్వబోతే ఆమె ఒకటి చాలంది.

ఆ సాయంత్రం కమిటీవాళ్ళ మాట భర్తకి చెప్పింది. ఆయన టీ తాగుతూ విన్నాడు.

"పోనీలే. ఆయమ్మ వస్తుందిగా. నువ్వెళ్ళి చూసుకో నీ సినిమాలు."

"నేనక్కడ చూడనండీ. నిద్రపోతాను."

"అంటే మధ్యలో కునుకు పడుతుంది. ఎవరికైనా—"

"కునుకు కాదు. నిద్ర. మొన్నటి దాకా ఒక్క సినిమా చూడలేదు నేను."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ నవ్వు కాసేపు మధ్యలో వేలాడి పడిపోయింది.

"అంత దూరం పోయి పడుకోవడం ఏమిటి? ఇంట్లో పడుకోవచ్చుగా?"

స్నానాలగదిలో కుళాయి చప్పుడు. ఆయన లేచి వెళ్ళి కట్టేసి, తడిసిన చేతులతో వచ్చాడు. కూర్చోబోయేసరికి వీధి తలుపు గడియ. పరిగెత్తాడు. అమ్మను లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి ఇటు తిరిగేలోపు బీరువా తెరుచుకుంది. పింగాణి మంచం అంచున కూర్చుని అంతా చూస్తోంది. లేవలేదు. ఆయన బట్టలు మడిచి లోపల పెట్టి, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. అడిగిన ప్రశ్న మళ్ళీ అడగలేదు.

"నాకు చెప్పొచ్చు కదా," అన్నాడు చివరికి.

"చెప్పాను. ఎన్నోసార్లు చెప్పాను. కొన్నాళ్ళు ఓపికపట్టమన్నారు మీరు. ఇంక లేదండీ. ఉంటే పట్టేదాన్ని."

ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఇంట్లో నూనె అయిపోయిందన్నట్టు చెప్పింది. అందుకే ఆయన భయపడ్డాడు.

రాత్రి షిఫ్టులు ఎక్కువ వేసుకుంటానని ఒప్పుకుని, వారం సెలవుని ఆదివారానికి మార్పించుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు పరదాలు దించి, అమ్మను సోఫాలో కూర్చోబెట్టి, ఆ సినిమా పెట్టేవాడు. ఆవిడకి అది ప్రతిసారీ కొత్తదే. "ఊడుస్తోంది," అనేది. నౌక దిగినప్పుడు కొన్నిసార్లు లేచి ప్రకటన చేసేది, కొన్నిసార్లు మరిచిపోయేది. ఆడపడుచుకి తెలిసి "అలాంటి సినిమాలు చూపిస్తే అమ్మకి ఉన్న మతి కూడా పోతుంది" అని ఫోను చేసింది. ఆ ఫోను పింగాణి తీయలేదు. అన్నే తీసి మాట్లాడాడు. ఏం మాట్లాడాడో కానీ ఆ తరవాత లెక్కల సలహాలు తగ్గాయి.

మొదటి ఆదివారం పింగాణి లోపలి గదిలో పడుకుంది కానీ నిద్రపట్టలేదు. చెవులు అవతల గదిలోనే ఉన్నాయి. "అక్కేదీ?" అన్న మాట వినపడుతుందని చూసింది.

"లోపలుందమ్మా. పడుకుంది," అన్నాడు భర్త.

"పడుకోనీ," అంది ఆవిడ. "రేపు మళ్ళీ పనికి వెళ్ళాలి."

పింగాణి కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఆ మాట విన్నది. కాసేపటికి ఎప్పుడు పట్టిందో నిద్ర పట్టింది.

చలికాలం మధ్యలో ఒక ఆదివారం ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. గుండె ఝల్లుమని బయటికొచ్చి చూసింది. వీధి తలుపు వేసే ఉంది. తెర మీద మెట్లు. అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళార్పకుండా చూస్తోంది. పక్కన భర్త, వారమంతా రాత్రి డ్యూటీలు చేసి వచ్చినవాడు, నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

పింగాణి గుమ్మం పట్టుకుని నిలబడింది. జాలేసింది. వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుందామని ఒక అడుగు వేసింది కూడా. కాళ్ళు బరువుగా ఉన్నాయి. మెట్ల మీద వెలుగు ఇంకా ఎర్రగానే ఉంది, సినిమా సగం కూడా కాలేదు.

ఆమె భర్త భుజం తట్టింది.

"ఏవండీ, లేవండి. ఇది మీ పూట."

ఆయన ఉలిక్కిపడి లేచి, ముఖం తుడుచుకుని, "ఆఁ ఆఁ, చూస్తున్నాను, చూస్తున్నాను" అన్నాడు. అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. పింగాణి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, దుప్పటి కప్పుకుని పడుకుంది.